చలికాలంలో క్యాంపు సోలార్ రాత్రికి ఆగిపోతోందా? బ్యాటరీ మార్చే ముందు ప్లేటు దగ్గర నిలబడండి

పగలంతా మంచి ఎండ. ఛార్జ్ కంట్రోలర్ మీద పచ్చ లైటు. రాత్రి ఎనిమిదిన్నరకు కెమెరా ట్రాప్ (జంతువు ఎదుటికి వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా) కార్డుల్లోని ఫొటోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే ఇన్వర్టర్ కూయడం మొదలుపెడుతుంది. తొమ్మిదికల్లా చీకటి. ఛార్జర్‌లో పెట్టిన సెల్స్ సగంలో ఆగిపోతాయి, మర్నాడు సెల్స్ మార్చాల్సిన కెమెరాలు అలాగే ఉండిపోతాయి. అన్నిటికన్నా నాకు భయం వేసేది వైర్‌లెస్ సెట్ గురించి. తెల్లవారుజామున ట్రాన్సెక్ట్ (జంతువుల లెక్క కోసం గీసుకున్న దారి) నడవడానికి వెళ్లినవాళ్లకు ఎలుగుబంటి ఎదురైతే క్యాంపుకు చెప్పడానికి ఉన్నది అదొక్కటే.

నల్లమల అడవిలోని వన్యప్రాణి సర్వే క్యాంపుల నుంచి నాకు ఈ ఫోన్ ఎక్కువగా నవంబరు, జనవరి మధ్యే వస్తుంది. ఫోన్ చేసిన దాదాపు ప్రతి ఒక్కరూ మొదట అనే మాట ఒకటే: "బ్యాటరీ పోయిందండీ, కొత్తది పంపండి." బ్యాటరీ చూశామంటారు, ఇన్వర్టర్ చూశామంటారు. "పొద్దున తొమ్మిదింటికి ప్లేటు దగ్గరకెళ్లి చూశారా?" అంటే అవతల మాట ఉండదు.

ముందు ఈ పది నిమిషాల పని

డిస్టిల్డ్ వాటర్ మట్టం, టెర్మినళ్ల మీద తెల్లటి బూజు, వదులైన నట్లు: ఇవి చూడటం మీకు వచ్చు, ఇక్కడ వివరించను. కానీ నిజంగా చూడండి. స్పానర్ పెట్టి తిప్పి చూడండి, కంటితో చూసి బిగువుగానే ఉందనుకోవద్దు. ప్లేటు మీద, అంటే సోలార్ ప్యానెల్ మీద, దుమ్ము, కొండముచ్చుల పెంట ఉంటే ఎండెక్కకముందే కడగండి.

తర్వాత ఒక కొలత. సాయంత్రం ఎండ దిగాక లోడంతా (బ్యాటరీ మీద నడిచేవన్నీ) ఆపి, గంట ఆగి, బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండితే 12.6 పైన చూపించాలి. 12.2 దగ్గర ఉందంటే సగమే నిండింది. ఆకాశంలో మబ్బు తునక లేని రోజున కూడా సగమే నిండుతోందంటే, లోపం రాత్రి వాడకంలో వెతకొద్దు. పగలు కరెంటు లోపలికి రావడం లేదు.

ఇదే గొడవ జూలై, ఆగస్టుల్లో వస్తే మబ్బులని సరిపెట్టుకుని లోడు తగ్గించుకోండి. చలికాలపు నీలాకాశం కింద వస్తే మాత్రం చాలాసార్లు కింది కారణమే.

నీడ

మన క్యాంపుల్లో ప్యానెళ్లు ఎప్పుడు బిగిస్తారో గుర్తు చేసుకోండి. మార్చి 31 లోపు బిల్లులు పెట్టాలి కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో. అప్పటికి నల్లమద్ది, చిరుమాను ఆకు రాల్చి ఉంటాయి. సూర్యుడు నెత్తిమీదికి వస్తుంటాడు. మే మొదటి వారంలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ చెట్టు మొదట్లోనే ఉంటుంది. బిగించినవాళ్లు చుట్టూ చూసి, ఎక్కడా అడ్డు లేదని వెళ్లిపోతారు. వాళ్లు చూసింది నిజమే, ఆ నెలకు.

డిసెంబరులో కథ వేరు. మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఉదయం తొమ్మిదికి ఆగ్నేయంలో దాదాపు 30 డిగ్రీలు. అంటే 15 మీటర్ల మద్దిచెట్టు నీడ ఆ వేళకు పాతిక మీటర్లు సాగుతుంది. వానలకు చిగిర్చిన ఆకు ఇంకా నిండుగా ఉంటుంది. వేసవిలో ఆ క్యాంపుతో ఏ సంబంధమూ లేని చెట్టు నీడ ఇప్పుడు ప్యానెల్ మీదికి వచ్చి కూర్చుంటుంది.

"కొంచెం నీడ పడితే కొంచెం కరెంటే కదా తగ్గేది" అంటారు. అలా కాదు. 12 వోల్టుల ప్యానెల్‌లో 36 సెల్స్‌ను దండలా వరసగా కలుపుతారు. ఒక్క సెల్ కరెంటు ఆపితే ఆ దండలోవన్నీ ఆగుతాయి. ప్యానెల్ వెనక పెట్టెలోని బైపాస్ డయోడ్లు (కరెంటును పక్కదారి పట్టించేవి) సాధారణంగా ఆ దండను రెండు సగాలుగా చూస్తాయి. నీడ పడిన సగాన్ని పక్కకు తప్పిస్తే మిగిలేది 18 సెల్స్, అంటే దాదాపు 9 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలోకి 9 వోల్టులు ఎక్కవు. అరచేయంత నీడ ప్యానెల్ మొత్తాన్ని దాదాపు పడుకోబెట్టేది ఇందుకే.

మోసం ఇంకో చోట కూడా ఉంది. ఆ నీడలోనే వైర్లు విప్పి మల్టీమీటర్ పెడితే 19, 20 వోల్టులు చూపిస్తుంది. లోడు లేనప్పుడు వోల్టేజీ నీడకు పెద్దగా పడిపోదు, పడిపోయేది ఆంపియర్లే. మెకానిక్ మీటరు చూసి ప్యానెల్ బాగుందని రాసిచ్చి వెళ్తాడు. పైగా అతను జీపులో వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటి, నీడ జరిగిపోయి ఉంటుంది.

ఒక చలికాలం నేను రెండు బ్యాటరీలు మార్చాను. ఒక్కోటి యాభై కిలోల పైమాటే. వాగు దాటి జీపు రాదు, గడకర్రకు కట్టి నలుగురు రెండు కిలోమీటర్లు మోశారు. కొత్తది వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. దుకాణంలో నిండుగా ఛార్జ్ చేసి ఇస్తారు కాబట్టి పనిచేస్తుంది, పాత బ్యాటరీయే చెడిందని మనకు నమ్మకం కుదురుతుంది. తర్వాత మళ్లీ అదే కూత. రెండోదీ అంతే. చివరికి ఒక పొద్దున టీ తాగుతుంటే మా దగ్గర ట్రాకర్‌గా పనిచేసే చెంచు పెద్దాయన అన్నాడు: "సారూ, ఆ మద్ది నీడ దసరా కాడ్నించి పొద్దుగాల ప్లేటు మీదనే ఉంటాంది." తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూశాను. ఎనిమిది ఆంపియర్లు రావాల్సిన ప్యానెల్ నుంచి ఒక్కటి కూడా రావడం లేదు. ఆయన్ని అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. రోజంతా నీడలూ జాడలూ చూస్తూ బతికే మనుషులు క్యాంపులో ఉండగా ముందు వాళ్లనే అడగాలి.

కాబట్టి చేయాల్సింది ఇది. ఉదయం తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు, మూడు గంటలకు ప్యానెల్ ముందు నిలబడి కంటితో చూడండి, డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటర్‌తో కంట్రోలర్ వైపు తీగ దగ్గర చదవండి. కొన్ని క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే చదువుతాయి, కొనేటప్పుడు అడగండి.

చెట్టును ముట్టుకోవద్దు

టైగర్ రిజర్వులో కొమ్మ కొట్టడానికైనా అటవీ శాఖ అనుమతి కావాలి. అనుమతి వచ్చినా నేను వద్దనే అంటాను. వేసవికి కాండంలో నీళ్లు దాచుకునే చెట్టు నల్లమద్ది, మనం అక్కడ ఉన్నదే ఆ అడవి కోసం. జరగాల్సింది ప్యానెల్.

కొత్త చోటు ఎంచుకోవడానికి యాప్ అక్కర్లేదు. అక్కడ నిలబడి చెయ్యి కళ్ల ఎదురుగా ముందుకు చాపి పిడికిలి బిగించండి. పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. ఆగ్నేయానా నైరుతినా నేలగీత (నేలా ఆకాశమూ కలిసేచోటు) నుంచి మూడు పిడికిళ్లు, దక్షిణాన ఐదు. ఆ గీతకు పైకి లేచిన చెట్టు ఏదున్నా డిసెంబరులో నీడ పడుతుంది. చెట్టు మోడుగా ఉన్నా లెక్కలోకే తీసుకోండి.

ప్యానెల్ దూరం జరిపితే తీగ మందం పెంచాలి. ఇక్కడే రెండో తప్పు జరుగుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 20 మీటర్లు లాగి 10 ఆంపియర్లు పంపితే రానూపోనూ కలిపి దాదాపు 1.8 వోల్టులు తీగలోనే పోతాయి. 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అర వోల్టు లోపే. కంట్రోలర్‌ను బ్యాటరీ పక్కనే ఉంచండి. 12 వోల్టుల సిస్టంలో రెండు ప్యానెళ్లుంటే సమాంతరంగా కలపండి, ఒకదాని మీద నీడ పడినా రెండోది పనిచేస్తుంది.

మిగతావి

కంట్రోలర్‌లో చీమల పుట్ట, ఎలుక కొరికిన తీగ: మూత తీస్తే కనిపిస్తాయి. పిడుగు, కాలిన డయోడ్, ఇన్వర్టర్ కార్డు: అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

ప్యానెల్ జరిపాక బ్యాటరీకి న్యాయం చేయండి. వారాల తరబడి సగం ఛార్జ్‌తో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, శక్తి తగ్గుతుంది. లైట్లు, వైర్‌లెస్ తప్ప మిగతావి ఓ వారం ఆపి పూర్తిగా నిండనివ్వండి. ఆ తర్వాత హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచేది) బ్యాటరీలోని ఆరు సెల్సూ చూడండి. ఆరూ దగ్గర దగ్గరగా చదివితే ఇంకా పనికొస్తుంది. ఒకటి మిగతావాటికంటే బాగా వెనకబడి, మళ్లీ ఛార్జ్ చేసినా లేవకపోతే అప్పుడు కొత్త బ్యాటరీ కావాలని ఇండెంట్ (కోరిక పత్రం) పెట్టండి.