ఉగాండాకు వాలంటీరుగా వెళ్తున్నారా? జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష

పోయిన నెల ఉత్తర ఉగాండాలోని గులు నుంచి ఫోన్ వచ్చింది. వాలంటీరుగా వెళ్లి నాలుగు నెలలైన మనవైపు కుర్రాడు ఆస్పత్రిలో ఉన్నాడని. మూడు రోజులు ఒళ్లు కాలిపోతుంటే డోలో వేసుకుని గదిలో పడుకున్నాడట. నాలుగో రోజు పక్కింటావిడ తలుపు కొట్టేసరికి మాట తడబడుతోంది, కళ్లు పచ్చగా ఉన్నాయి. అది మలేరియా. దానికిచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు పడ్డాక బతికాడు. "మామూలు జ్వరమే అనుకున్నా అన్నా" అన్నాడు తర్వాత.

నేను అక్కడ ఉన్న రెండేళ్లలో ఇదే తప్పు ముగ్గురు చేయడం చూశాను. అందుకే వీసా, బట్టలు, ప్లగ్గుల సంగతి వదిలేస్తున్నాను.

బయల్దేరే ముందు ఎల్లో ఫీవర్ టీకా ఆఖరి వారానికి పెట్టుకోవద్దు. వేసుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కాగితం తిరిగొచ్చేటప్పుడూ కావాలి. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు ఏవో డాక్టరును అడిగి ఇక్కడే కొనుక్కోండి.

మొదటి నెల అందరూ జాగ్రత్తగానే ఉంటారు. జారిపోయేది మూడో నెలలో. నాలుగు మాటలు నోటికొస్తాయి, పక్కింట్లో పోషో (మొక్కజొన్న పిండి ముద్ద), బీన్స్ చేత్తో కలుపుకుని తింటాం, వాళ్ల పిల్లలు మన గదిలో ఆడుకుంటారు. ఆ ఇంటాయన మాత్రలేవీ వేసుకోడు. జ్వరం వచ్చినా రెండు రోజులకు లేచి పొలం వెళ్తాడు. మనమూ అంతే అనిపిస్తుంది. కాదు. ఆయన ఒళ్లు చిన్నప్పటి నుంచీ ఆ మలేరియాతో పోరాడి కొంత తట్టుకోవడం నేర్చుకుంది. మనకు ఆ బలం లేదు. పైగా మన ఊళ్లలో జ్వరమంటే వైరల్ అనుకోవడం అలవాటు. మలేరియా ఉండే పాడేరు, అరకు వైపు పనిచేసినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు. ఉగాండాలో ఎక్కువగా ఉన్నది ఫాల్సిపేరం అనే మలేరియా రకం. ఒకటి రెండు రోజుల్లోనే మెదడు దాకా పోగలదు.

వేలి మీద చిన్న పోటు, కిట్ మీద రక్తపు చుక్క, ఇరవై నిమిషాలు. పరీక్ష అంతే. కిట్ మీద రెండో గీత వస్తే మలేరియా ఉన్నట్టు. నాకు మొదటిసారి ఆ గీత లేత గులాబీ దారంలా తేలింది. అంత లేతగా ఉంది, లేనట్టేనేమో అన్నాను. "లేతదైనా గీత గీతే" అని నర్సు అప్పటికప్పుడే మందు మొదలుపెట్టించింది. గీత రాలేదని వదిలేయకండి. జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించుకోండి.

డోలోతో జ్వరం దిగుతుంది, మలేరియా పోదు. జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష.

దిగిన మొదటి వారంలోనే రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఎక్కడుందో వెళ్లి చూసి రండి. అర్ధరాత్రి బండి తెచ్చేవాళ్ల నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి, ఫోన్‌లో ఉంటే చాలదు. జ్వరంతో ఒక్కరే బోడాబోడా (అక్కడి బైక్ టాక్సీ) ఎక్కొద్దు. మామూలప్పుడైనా హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు.

దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. చిరిగితే ఆ రాత్రే కుట్టండి.

వానలు తగ్గాయని మాత్రలు ఆపొద్దు.

విక్టోరియా సరస్సు ఒడ్డున నీళ్లలో దిగొద్దు. నత్తల నుంచి వచ్చే పురుగు చర్మంలోంచే లోపలికి పోతుంది.

రోజూ పొద్దున పక్కింటివాళ్లకు ఎదురుపడి "ఇత్యె నినింగ్" (గులు వైపు అచోలి భాషలో ఎలా ఉన్నారు) అని పలకరించండి. ఆ కుర్రాడు మూడు రోజులుగా కనబడలేదనే ఆవిడ తలుపు కొట్టింది.

నీరసంగా ఉందని గడియ పెట్టుకుని పడుకోవద్దు. మీటింగ్ ఉంది, రేపు చూద్దాం అనొద్దు. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారని దాచొద్దు. జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష.

తిరిగొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు మాత్రలు వేసుకోండి. మూడు నెలల్లోపు ఒళ్లు వెచ్చబడితే, డాక్టరు అడగకపోయినా ఉగాండా నుంచి వచ్చానని మీరే చెప్పి మలేరియా పరీక్ష రాయించుకోండి.