పాఠం 4: ప్రెస్ నోట్‌లో అంకె ఎవరిది?

పోయిన పాఠంలో మీరు రాసిన ప్రెస్ నోట్ బయటికి తీయండి. ఇవాళ అందులోని అంకెలతోనే పని.

ముందు ఐవీ లీ సంగతి. కంపెనీల తరఫున పత్రికలతో మాట్లాడే పీఆర్ (ప్రజాసంబంధాల) వృత్తికి అమెరికాలో ఆద్యుల్లో ఒకడాయన. 1906లో అమెరికా బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ ఆయన పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. మా పని రహస్యంగా ఉండదు, అంతా బాహాటమే, మేమిచ్చిన వివరాలు సరిచూసుకోవడానికి సాయపడతాం అన్నాడు. ఆ అక్టోబరులోనే అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోతే, రైల్వే కంపెనీ తరఫున తనే ముందుగా ప్రకటన ఇచ్చి, విలేకరులను ప్రమాద స్థలానికి పంపించాడు. ప్రమాదాలను దాచేయడమే రివాజుగా ఉన్న రోజులవి.

ఎనిమిదేళ్లు గడిచాయి. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లోలో, సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద గోతిలో దాక్కున్న ఇద్దరు ఆడవాళ్లు, 11 మంది పిల్లలు చనిపోయారు. తర్వాత, అక్కడి గని కంపెనీలో ప్రధాన వాటాదారులైన రాక్‌ఫెల్లర్ల కోసం లీ వరుసగా బులెటిన్లు వేశాడు. ఒక యూనియన్ నాయకుడికి ఏడాది మొత్తంలో ముట్టిన డబ్బు అందులో తొమ్మిది వారాల జీతమని అచ్చయింది! యజమానులిచ్చిన వివరాలు నిజమో కాదో మీరుగా చూశారా అని విచారణ కమిషన్ అడిగితే, చూడలేదని ఒప్పుకున్నాడు. నియమం తెలియనివాడు కాదు, దాన్ని రాసిందే ఆయన.

నేనూ ఈ తప్పు చేశాను. కొత్తలో ఒక కంపెనీ నోట్‌లో ‘300 మందికి కొత్త ఉద్యోగాలు’ అని రాశాను. వాళ్లలో సగం మంది పాత కాంట్రాక్టు కార్మికులే. ఒక విలేకరి ఫోన్ చేసి అడిగితే, ‘మేనేజర్ గారు ఇచ్చిన లెక్కండీ’ అన్నాను. ‘నోట్ కింద పేరు మీదే కదండీ’ అన్నాడాయన. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక అభ్యాసం. మీ నోట్‌లో ప్రతి అంకె పక్కన పెన్సిల్‌తో మూడు మాటలు రాయండి: ఎవరిచ్చారు, ఏ కాలానికి లెక్క, ఆ రిజిస్టరు నేను చూశానా. మూడోదానికి ‘లేదు’ అని వస్తే అంకె కొట్టేయండి, మిగతా వాక్యం ఉంచండి. పైవాళ్లు తొందరపెడితే గొడవ పడక్కర్లేదు. ‘సార్, రిజిస్టరు ఒక్కసారి చూపిస్తే పది నిమిషాల్లో పంపించేస్తాను’ అనండి. ఈ వాక్యాన్ని పైకి చదివి నోటికి అలవాటు చేసుకోండి, టెన్షన్‌లో అదే బయటికొస్తుంది.

తప్పు అంకె అప్పటికే అచ్చయిపోతే సవరణ ఎలా పంపాలో పాఠం 5లో చూద్దాం. పెన్సిల్ గుర్తులున్న ఆ కాగితం దాచి ఉంచండి.