కారుకు అంటుకున్న పురుగుల మరకలు: ఏది దేనితో పోతుంది?

వరి చేలు ఈనే రోజుల్లో రాత్రిపూట సూర్యాపేట, కోదాడ మీదుగా వెళ్తే సాగర్ ఆయకట్టు సుడిదోమంతా లైట్ల మీదకే వస్తుంది. తొలకరి వానలకైతే ఉసిళ్ళు. తెల్లారేసరికి బంపరు, బానెట్ ముందంచు, సైడ్ మిర్రర్ల ముందు భాగం మచ్చలమయం. షాపుకెళ్తే "బగ్ అండ్ టార్ రిమూవర్" అని ఒకే సీసా చేతిలో పెడతారు. కానీ పురుగు వేరు, తారు వేరు. పురుగులో ఉండేది ఎక్కువగా మాంసకృత్తులు, పైపెంకు. అది నానితే వదులుతుంది. తారు నూనె జాతిది, నీళ్లకు లొంగదు.

మరక ఇంకా పచ్చిగానే ఉంది

రాత్రి పడింది, ఎండ తగల్లేదు. దీనికి ప్రత్యేకమైన మందేమీ అక్కర్లేదు. బకెట్ నీళ్లలో కార్ షాంపూ, సీసా మీద రాసిన కొలత ప్రకారం కలిపి, అందులో తడిపిన మైక్రోఫైబర్ బట్టను మరకల మీద ఐదు నిమిషాలు పరిచి ఉంచండి. తర్వాత తుడిస్తే చాలు.

ఎండిపోయి గట్టిపడింది, షాంపూతో కదలట్లేదు

కారణం వేడి. ఎండకు కాలిన బానెట్ మీద మాంసకృత్తు ఉడికిన గుడ్డు తెల్లసొనలా బిగుసుకుపోతుంది. అందుకే మరిగే నీళ్లు పోయడం కూడా తప్పే. గోరువెచ్చని నీళ్లు చాలు.

కారును నీడలో పెట్టి, బానెట్ మీద అరచేయి ఆనిస్తే చల్లగా తగిలాకే మొదలుపెట్టండి. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించాలి. తడిబట్ట పది నిమిషాలు పరిచి, మధ్యలో మళ్లీ తడపాలి. ఆ తర్వాతే నీటి ఆధారిత బగ్ రిమూవర్ స్ప్రే చేసి, రెండు మూడు నిమిషాలు ఆగండి. సీసా మీద ఇంకా తక్కువ రాస్తే అంతే. ఆరనివ్వకూడదు, ఆరితే మందే మరకవుతుంది. నాలుగు మడతలు పెట్టిన మైక్రోఫైబర్‌తో అద్ది, ఒకే దిక్కుకు తుడిచి, ప్రతిసారీ మడత మార్చండి. ఎందుకంటే ఊడివచ్చిన రెక్కలు, కాళ్ల ముక్కలే గీతలు పెడతాయి. కొంచెం మిగిలితే గట్టిగా రుద్దకండి, మళ్లీ నానబెట్టండి. నిజానికి పనిలో ముప్పాతిక వంతు నానబెట్టడమే.

రిమూవర్ దొరక్కపోతే ఆల్ పర్పస్ క్లీనర్ 50 మి.లీ.ని 500 మి.లీ. నీళ్లలో కలిపి వాడొచ్చు. చిక్కగా వాడితే పెయింట్ మీది మైనం (వ్యాక్స్) పొర లేచిపోతుంది, నల్ల ప్లాస్టిక్ పట్టీల మీద చారలు మిగలొచ్చు. లీటరు నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వంటసోడా పూర్తిగా కరిగించి బట్ట తడిపినా కొంత సాయపడుతుంది. ముద్దలా చేసి రుద్దితే మాత్రం ఆ పలుకులే గీతలు.

రిమూవర్ కొట్టినా నల్ల చుక్కలు పోవట్లేదు

ముఖ్యంగా చక్రాల వెనక, డోర్ల కింద ఉంటే అవి తారు చుక్కలు. ఇక్కడ పనిచేసేది టార్ రిమూవర్, లేదంటే తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40. బట్టకు కొంచెం పట్టించి అర నిమిషం ఆనించి తుడవండి, తర్వాత జిడ్డు పోయేలా షాంపూతో కడగండి. డబ్ల్యూడీ-40 పురుగుల మీదా వాడేవాళ్లున్నారు. అది మాంసకృత్తును కరిగించదు, అంచులు కాస్త వదులు చేస్తుందంతే. థిన్నర్, పెట్రోలు జోలికి పోవద్దు. రీపెయింట్ చేసిన బంపరు మీద థిన్నర్ పడితే పెయింటే మెత్తబడి లేస్తుంది. హెడ్‌లైట్ల పాలికార్బొనేట్ ప్లాస్టిక్ అలాంటి ద్రావకాలకు సన్నగా పగులుతుంది.

పురుగు పోయింది, దాని ఆకారంలో మచ్చ మిగిలింది

ఇక క్లీనర్ల పని అయిపోయింది. కుళ్లిన పురుగులోని ఆమ్లం, ఎండ కలిసి క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీది పారదర్శక పొరను, తినేశాయి. టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే చిన్న గుంటలా కనిపిస్తుంది. గోరు తగలనంత పైపైన ఉంటే ఫైన్ పాలిష్ మూడు నాలుగు చుక్కలు ఫోమ్ ప్యాడ్ మీద వేసి, జానెడు చోటులో మాత్రమే చేత్తో రుద్దండి. రెండుసార్లకు మాయం కాకపోతే ఆపేయండి. కంపెనీ క్లియర్ కోట్ మందం సుమారు 40-50 మైక్రాన్లే, మీరు రుద్దేది దాన్నే. గోరు తగిలితే మందం కొలిచే గేజ్ ఉన్న డీటెయిలింగ్ షాపుకు చూపించండి.

మరక పోయి, సన్నటి గీతలు వచ్చాయి

గిన్నెల స్క్రబ్బర్, టూత్‌పేస్ట్, పొడిబట్ట: ఈ మూడింట్లో ఏదో ఒకటి కారణం. పురుగుల కోసం అమ్మే జాలీ స్పాంజి కూడా నానబెట్టకుండా నొక్కి వాడితే అదే పని చేస్తుంది. ఈ గీతలకూ ఫైన్ పాలిషే మందు.

ముందు అద్దం మీద వైపర్ వేసేకొద్దీ అలుముకుంటోంది

పొడిగా వైపర్ వేయకండి. అద్దాన్ని షాంపూ నీళ్లతో నానబెట్టి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీయండి. తర్వాత వైపర్ రబ్బరు అంచును తడిబట్టతో రెండు వేళ్ల మధ్య పట్టి తుడవండి. నల్ల మడ్డి వస్తుంది. అది రాకుండా పోయేదాకా తుడవకపోతే అద్దం ఎంత కడిగినా మళ్లీ అలుముకుంటుంది.

గ్రిల్ వెనక రేడియేటర్‌లో ఇరుక్కున్న వాటికి మామూలు పైపు ధారే వాడండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేడియేటర్ సన్నటి రేకులు వంగి గాలి ఆడదు.

పనయ్యాక బానెట్ మీద నీళ్లు చల్లి చూడండి. ముత్యాల్లా నిలవకుండా పలచగా పరుచుకుంటే మైనం పోయినట్టే. గిన్నెల సబ్బు వాడినవాళ్లకు ఇది మామూలే. కనీసం బంపరుకు, బానెట్ ముందు సగానికి వ్యాక్స్ వేస్తే మరుసటి ప్రయాణంలో పడ్డవి షాంపూతోనే వదులుతాయి.