ఇంటాయన దూరాన డ్యూటీలో ఉన్నప్పుడు తుపాను వస్తే: గంజాం, గజపతి జవాన్ల ఇళ్లకు జాగ్రత్తలు

వినాయక చవితి వెళ్లిందంటే ఒడిశాలో మన గంజాం, గజపతి వైపు తుపాను రోజులు మొదలైనట్టే. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. రెండూ నవరాత్రుల్లోనే. ఆ రోజుల్లో ఇంటాయన లడఖ్ పోస్టులోనో, ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో దక్షిణ సూడాన్‌లోనో ఉంటే, ఇంట్లో మిగిలేది భార్య, పిల్లలు, ముసలి అత్తమామలు. కంటోన్మెంటు క్వార్టర్లలో ఉన్నవాళ్లని యూనిట్ చూసుకుంటుంది. చికిటి, పాత్రపూర్, పర్లాకిమిడి పక్క పల్లెల్లో సొంతింట్లో ఉన్నవాళ్లకి ఆ ఏర్పాటు లేదు. ఇది వాళ్ల కోసం.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇల్లు వదలాలని ఎవరు చెప్పాలి? "ఆయన్ని ఒక్క మాట అడిగి బయల్దేరదాం" అని ఫోను కలిసేదాకా కూర్చుంటే పొద్దుపోతుంది, బస్సులు ఆగిపోతాయి, దారిలో చెట్లు పడతాయి. జూబాలో గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. మనకి చీకటి పడే వేళకి అక్కడ మధ్యాహ్నపు డ్యూటీ నడుస్తుంటుంది, చేతిలో ఫోను ఉండకపోవచ్చు. అందుకని సెలవుకొచ్చినప్పుడే, పెద్దవాళ్లందరూ కూర్చున్నప్పుడు ఆయన నోటితోనే చెప్పించండి: "నారింజ రంగు హెచ్చరిక వస్తే నా ఫోను కోసం చూడకండి. కోడలు లేవమంటే లేవండి." ఆ మాట మామగారి చెవిన పడాలి. ఆ రోజున చాలా ఇళ్లలో అడ్డం పడేది గాలివాన కాదు, "వాడు చెప్పనీ" అనే మాటే.

వాతావరణ శాఖ లెక్క ఇలా ఉంటుంది: తీరం దాటడానికి 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, 12 గంటల ముందు ఎరుపు. బంధువుల ఊరికి పోదలచుకుంటే పసుపు రోజునే పోవాలి. నారింజ నాటికి రైళ్ల రద్దు మొదలవుతుంది. వెళ్లే ఊరు తుపాను దారిలో లేదని చూసుకోండి. 2014లో హుద్‌హుద్ నేరుగా విశాఖనే కొట్టింది కాబట్టి విశాఖ అన్నిసార్లూ భద్రం కాదు. రేకుల ఇల్లు, మట్టిగోడల ఇల్లు అయితే నారింజ రోజు మధ్యాహ్నానికే తుపాను షెల్టరుకో, బడి పక్కా భవనానికో చేరిపోవాలి. నెలలు నిండిన గర్భిణి ఉంటే ఆశా కార్యకర్తకి ముందే పేరు ఇవ్వండి. ఒడిశాలో తుపానుకి ముందే అలాంటి వాళ్లని ఆసుపత్రికి తరలిస్తారు, కానీ పేరు జాబితాలో ఉండాలి. గజపతి వైపు కొండ వాలు కింద ఇల్లున్నవాళ్లు గాలి కన్నా చరియకే ఎక్కువ భయపడాలి. వాన హోరెత్తాక రాతి గుహల్లో, బండల కింద తలదాచుకోవద్దు.

ఇక కబురు సంగతి. తుపాను తర్వాత సెల్ టవర్లు బ్యాటరీ ఉన్నంతసేపే పలుకుతాయి. అప్పుడు మీరు ఆయనకీ, ఆయన మీకూ మార్చి మార్చి చేసుకుంటుంటే ఇద్దరి ఫోన్లూ చచ్చిపోతాయి. మధ్యలో ఒక మనిషిని పెట్టుకోండి. తమ్ముడో, మరిదో, తోటికోడలో ఎవరైనా సరే, తీరానికి దూరంగా హైదరాబాదులోనో నాగపూర్‌లోనో ఉండాలి. శ్రీకాకుళంలో ఉన్న బంధువు పనికిరాడు, మీ తీగ తెగిన తుపానుకే అతని తీగా తెగుతుంది. ఆయన అక్కడినుంచి ఈ మనిషికే చేస్తాడు, మీరూ ఇతనికే పంపుతారు. వాట్సప్ కాల్ కలవని సిగ్నల్‌లో కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి దూరిపోతుంది. దాన్ని ముందే రాసి ఫోనులో దాచుకోండి. నాలుగే సంగతులుండాలి: ప్రాణాలు, ఎక్కడున్నారు, ఏం పోయింది, ఏం కావాలి.

"ఐదుగురం క్షేమం. బడిలో ఉన్నాం. వంటింటి రేకులు పోయాయి. సెలవు పెట్టనక్కర్లేదు."

ఇంత చాలు. "ఇల్లు పోయింది" అని సగం మాట పంపితే, టీవీలో బొమ్మలు చూస్తున్న మనిషి రైఫిల్ పట్టుకుని రాత్రంతా దానిమీదే ఉంటాడు. సెలవు నిజంగా కావాలంటే అదీ తేటగా రాయండి. శాంతిసేన నుంచి ఇంటికి రావడం ఒక్క రోజులో తేలే పని కాదు.

నంబర్లు ఫోనులోనే ఉంటే చార్జి అయిపోగానే అవీ పోతాయి. మధ్యమనిషిది, యూనిట్ వెనుక కార్యాలయానిది (జవాన్లు బయటికి వెళ్లాక ఇక్కడే మిగిలే యూనిట్ ఆఫీసు), జిల్లా సైనిక బోర్డుది, వాటితో పాటు జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, అంబులెన్స్ 108, పోలీసుకి 112. ఇవన్నీ అట్ట మీద రాసి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఒకటి మీ దగ్గర, ఒకటి పెద్ద పిల్లవాడి బడిసంచిలో ఉంచండి.

కాగితాల దగ్గర మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఆర్మీ రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఒడియా లిపిలో ఉన్న భూమి పట్టాలో చివరి "రావు"నే ఇంటిపేరుగా ఎక్కించి ఉంటారు. నష్టం రాసుకోడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున ఈ ముగ్గురూ ఒకరేనని నిరూపించడం మీ నెత్తిన పడుతుంది, ఆయన ఊళ్లో ఉండడు. ముందే నోటరీ దగ్గర "ఈ పేర్లన్నీ ఒకే మనిషివి" అని అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. ఇల్లు, పొలం ఆయన పేర ఉంటే సెలవులో ఉండగానే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర మీ పేరుమీద పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. దేశం దాటాక రాయించాలంటే మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ కావాలి, అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టా నకలు, పిల్లల టీకా కార్డులు ఒకే సంచిలో ఉండాలి. సహాయం డబ్బు పడే ఖాతా ఆయన ఒక్కడి పేరే ఉంటే, "ఇద్దరిలో ఎవరైనా" అనే పద్ధతిలో జాయింటుగా మార్పించండి. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్సు జవాను ప్రాణానికి, ఇంటికి కాదు. ఇంటికి వేరే పాలసీ ఉండాలి.

ఇంటిపని ఎండ ఉండగానే చేయించండి. రేకుల్ని పట్టే హుక్ బోల్టులు తుప్పుపట్టాయేమో ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. గాలి ముందు లేపేది చూరు అంచు రేకునే, అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించండి. ఇంటిమీదికి వాలిన కొబ్బరిచెట్టుకి కాయలు, ఎండు మట్టలు దింపించండి. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నిండా నీళ్లు పట్టండి. 500 లీటర్ల నీళ్లంటే అర టన్ను బరువు, ఖాళీ ట్యాంకయితే గాలికి లేచిపోతుంది. పైగా కరెంటు లేక బోరు ఆడని రోజుల్లో వాడకానికి ఆ నీళ్లే దిక్కు. తాగడానికి మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున ఐదుగురికి వారానికి 140 లీటర్లు మూతబిందెల్లో, డబ్బాల్లో వేరే ఉంచాలి. తిండికి అటుకులు, బెల్లం, మరమరాలు, వేయించిన శనగలు చాలు. చంటిబిడ్డ ఉంటే పాలపొడి. అత్తమామల బీపీ, షుగరు మాత్రలు నెలకి సరిపడా తెప్పించండి.

గాలి ఒక్కసారి ఆగిపోయి ఆకాశం తేటపడితే తుపాను వెళ్లిపోయిందనుకోకండి. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్యన గాలిలేని చోటు, మీ ఊరి మీదికొచ్చింది. కాసేపటికి అదే గాలి ఎదురు దిక్కునుంచి కొడుతుంది. ఆవుని చూసొద్దామని బయటికెళ్లినవాళ్లు దెబ్బతినేది అప్పుడే. పశువుల్ని ముందురోజే కట్లు విప్పి వదలాలి.

వరద నీళ్లు కలిసిన బావిని అలాగే వాడితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. బురద తోడించాక లెక్క కట్టండి. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల నీళ్లుంటే సుమారు 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల చొప్పున దీనికి 25 గ్రాముల బ్లీచింగ్ పొడి పడుతుంది. పొడిని నేరుగా చల్లకూడదు. ముందు కొంచెం నీళ్లతో ముద్దచేసి, బకెట్టులో ముప్పాతిక వంతు నీళ్లలో కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున సున్నం పేరుకుంటుంది. పైతేట ఒక్కటే వేరే బకెట్టులోకి వంచి, బావిలోకి దించి కలియబెట్టాలి. గంట ఆగాక తోడుకోవచ్చు. పొడి పాతదైతే ఘాటు వాసన రాదు, అది పనిచేయదు. ఆ నీళ్లు కూడా పిల్లలకి మరగబెట్టే ఇవ్వండి.

కూలిన గోడ ఎత్తేముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి, తుపానుకి ముందు తీసినవి పక్కన ఉంటే ఇంకా మంచిది. సర్పంచ్ లేదా తహసీల్దారు రాసిచ్చిన నష్టం కాగితం ఫోటో తీసి మధ్యమనిషికి పంపితే, ఆయన సెలవు దరఖాస్తుకి అది బలం.

ఇలాంటి రోజుల్లోనే "మీ ఆయనకి దెబ్బ తగిలింది, డబ్బు పంపండి" అనో, "హెడ్‌క్వార్టర్స్ నుంచి, ఆయన యూనిట్ ఎక్కడుందో చెప్పండి" అనో ఫోన్లు వస్తాయి. యూనిట్ పేరు, చోటు, ఓటీపీ ఏదీ చెప్పకండి. ఫోను పెట్టేసి, అట్ట మీద రాసుకున్న యూనిట్ నంబరుకి మధ్యమనిషి చేత చేయించి కనుక్కోండి.