కొబ్బరి చెట్టు ఎక్కే యంత్రం: మొవ్వు కింద దాకా వెళ్లి క్షేమంగా దిగడం

చేయి తిరిగిన దింపు మనిషి కాళ్లకు బందం వేసుకుని చెట్టెక్కి గెల దించేసరికి, యంత్రం మీద మీరు సగం మానులో ఉంటారు. వేగం కోసమైతే ఇది కొనొద్దు. పెరట్లోనో గట్టు మీదో ముప్పై నలభై చెట్లుండి, దింపు వాళ్ల కోసం వారాల తరబడి ఎదురుచూసేవారికి మాత్రం బాగా పనికొస్తుంది. మానుకు మెట్లు కొట్టనక్కర్లేదు. ఇది చిన్న లాభమేమీ కాదు, మెట్ల గాయాల వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది. దోటికి అందే చెట్లకు ఈ హంగామా అవసరమే లేదు.

ఇక్కడ చెప్పేది నిలబడి ఎక్కే రకం గురించి, చెంబేరి నమూనా అంటారు. ఎడమ కాలికొకటి, కుడి కాలికొకటి రెండు చట్రాలుంటాయి. ఒక్కోదానికి కింద పెడల్, పైన హ్యాండిల్, మాను చుట్టూ తిరిగే స్టీలు వైరు, మానుకు ఆనే రబ్బరు దిమ్మ. కాలి బరువు పెడల్ మీద పడితే చట్రం వంగి వైరు మానును బిగించి పట్టుకుంటుంది. బరువు తీస్తే సడలుతుంది. యంత్రం మొత్తం కిటుకు ఇంతే, తప్పులన్నీ ఇక్కడే పుడతాయి.

ముందు చెట్టు చుట్టూ తిరగండి

మాను మొదట్లో పగుళ్ల నుంచి తుప్పు రంగు బంక కారుతోందా? గానోడెర్మా తెగులు కావచ్చు. వేళ్లు, మొదలు లోపల కుళ్లిపోతూ ఉంటే చెట్టు పైకి నిటారుగానే కనిపిస్తుంది. అలాంటిది ఎక్కొద్దు. మానులో రంధ్రాలుండి పీచు బయటకొస్తుంటే ఎర్రముక్కు పురుగు పనే, దాన్నీ వదిలేయండి. తుపాను గాలికి ఊగిన చెట్టు పాదులో ఒక పక్క మట్టి విచ్చుకుని ఉంటే వేళ్లు కదిలాయని అర్థం. వరద నీరు నిలిచి తీసిన లంక తోటల్లో నేల గట్టిపడేదాకా ఆగడమే మేలు.

వంగిన చెట్టుకు ఈ యంత్రం నప్పదు. కొద్ది వంపైతే పైవైపు నుంచి, అంటే ఒళ్లు మాను మీదకు వాలేలా ఎక్కాలి. కింది వైపు నుంచి ఎక్కితే బరువంతా వెనక్కి లాగుతుంది. మిరియం తీగ పాకించిన చెట్టును దింపు వాళ్లకే వదిలేయండి, వైరు తీగను కోసేస్తుంది.

కరెంటు తీగ మట్టలకు దగ్గరగా పోతుంటే ఎక్కే ఆలోచనే వద్దు. పచ్చి మట్టలో కరెంటు పారుతుంది, మీరు నిలబడింది ఇనుము మీద. కందిరీగల గూడు కోసం కింద నుంచే గెలల మధ్య బాగా చూడాలి, పైన కుడితే చేతులు వదిలేస్తారు. వానాకాలంలో నీడ వైపు మానుకు పచ్చటి పాచి పడుతుంది. దాని మీద రబ్బరు జారుతుంది. రెండు రోజులు ఎండ కాసేదాకా ఆగండి.

బిగింపు

మొదలు లావుగా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ ఉబ్బు దాటాక వైరు తిప్పి కొక్కేనికి తగిలించాలి. పై చట్రం ఎప్పుడూ పైనే, కింది చట్రం ఎప్పుడూ కిందే. వైర్లు ఒకదాన్నొకటి దాటకూడదు.

వైరు పొడవు దగ్గరే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. నేల దగ్గర పెడల్ సమంగా ఉంటే చాలనుకుంటారు. పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుంది, వైరు వదులై మడమ వైపు పెడల్ కిందికి దిగుతుంది. సగం ఎత్తులో పాదం వెనక్కి జారడం మొదలవుతుంది. అందుకే కింద బిగించేటప్పుడే మడమ వైపు కాస్త ఎత్తుగా ఉండేలా చూసుకోవాలి. ఆరడుగుల దాకా ఎక్కి, దిగి, మళ్లీ సరిచేసుకోండి. ఎక్కేటప్పుడు మధ్యలో కొక్కెం విప్పకూడదు.

ఈ రెండు వైర్లతో పాటు మూడో ఆధారం తప్పనిసరి. భుజాలకు, తొడలకు పట్టీలున్న హార్నెస్ వేసుకుని, దాని తాడు మాను చుట్టూ తిప్పి తగిలించాలి. కల్లుగీత వాళ్ల మోకు చేసే పనే ఇది. ఒట్టి నడుము బెల్టు చాలదు, పడితే నడుమూ పక్కటెముకలూ నలిగిపోతాయి.

ఎక్కడం

పాదాలు పట్టీల్లోకి పూర్తిగా దూర్చండి. బరువంతా కింది కాలి మీద వేసి, పై కాలి వేళ్లు ఎత్తుతూ అదే వైపు చేత్తో హ్యాండిల్ లాగితే పై చట్రం సడలి లేస్తుంది. ఒక అడుగు మించి జరపొద్దు. పెడల్ గట్టిగా తొక్కి, పట్టు దొరికిందని కాలికి తెలిశాకే బరువు మార్చి కింది చట్రం లేపాలి. ప్రతి రెండు మూడు అడుగులకు హార్నెస్ తాడు పైకి జరుపుకోవాలి. రెండు కాళ్లూ ఒకేసారి తేలిక చేస్తే రెండు చట్రాలూ సడలుతాయి, జారేది అప్పుడే. మొదటి రోజులన్నీ పదడుగులు దాటకుండా ఎక్కి దిగడమే పని. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో మొదలుపెట్టిన శిక్షణ కూడా రోజుల తరబడి సాగుతుంది, ఒక పూటలో వచ్చే విద్య కాదిది.

కింది మట్టల దిగువనే ఆగాలి. యంత్రం మిమ్మల్ని మొవ్వులోకి తీసుకెళ్లదు. కాయ అందలేదని పెడల్ వదిలి మట్ట మీద కాలు పెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు, ఎండిన మట్ట మొదలంటా ఊడొస్తుంది.

హార్నెస్ తాడు బిగించి, కత్తిని వేరే తాడుతో నడుముకు కట్టుకుని పని మొదలుపెట్టండి. కొబ్బరికాయల కోసమైతే పదకొండు పన్నెండు నెలల ముదురు గెలలే కోయాలి. బొండాల గెలైతే ముందు తాడు కట్టి, తర్వాత కోసి, మెల్లగా దించాలి, పడితే పగులుతాయి. ఎండు మట్టలు తీసేయండి, పచ్చి మట్టల జోలికి పోవద్దు. తీయక తప్పకపోతే మాను నుంచి నాలుగడుగుల దూరంలో కోయండి, ఆ గాయం వాసనకు వచ్చిన ఎర్రముక్కు పురుగు మాను దాకా చేరదు. కోసే గెల కింద మీ కాలు గానీ వైరు గానీ ఉండకూడదు.

కింద ఒక మనిషి ఉండి తీరాలి, అదీ చెట్టు కింద కాదు, కాయ దొర్లినా అందనంత దూరంలో. హార్నెస్‌లో వేలాడిపోతే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పొచ్చు. అందుకని పొడవాటి నిచ్చెన దగ్గరుండాలి, 108కి ఫోన్ చేసే మనిషీ ఉండాలి.

దిగడం ఎక్కడానికి తిరగేసిన వరుసే: ముందు కింది చట్రం, తర్వాత పైది. కాయలు దించేశాం కదా అన్న తొందరలో అడుగులు పెద్దవవుతాయి, అవే చిన్నవి చేసుకోండి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో స్టీలు త్వరగా తుప్పు పడుతుంది. పని అయ్యాక తడి తుడిచి ఆరబెట్టండి. వైరు మీద నూలు గుడ్డ పట్టి లాగితే తెగిన పోగు గుడ్డకు చిక్కుతుంది. ఒక్క పోగు చిక్కినా వైరు మార్చాలి, ముడి వేసో వెల్డింగ్ పెట్టో వాడొద్దు. బోల్టులకు నూనె రాయొచ్చు, రబ్బరుకూ పెడల్‌కూ మాత్రం చుక్క కూడా తగలకూడదు.