కొత్త గేమ్ కన్సోల్‌లో అసలైన ఆవిష్కరణను గుర్తించడం ఎలా?

కొత్త కన్సోల్ ప్రకటన వెలువడిన రోజున ముందుగా కంటపడేవి అంకెలే: ఇన్ని టెరాఫ్లాప్‌లు (చిప్ లెక్కలు చేసే వేగానికి కొలత), సెకనుకు ఇన్ని ఫ్రేములు, ఇంత రిజల్యూషన్ అని. కొనాలా, ఆగాలా అని ఆలోచిస్తున్నవారు మొదట చేయవలసిన పని ఆ పట్టికను పక్కన పెట్టడం. 2013లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 4, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఏఎండీ సంస్థ రూపొందించిన ఒకే కుటుంబపు చిప్‌లు ఉన్నాయి; 2020లో వాటి తరువాత వచ్చిన కన్సోళ్ల సంగతీ అంతే. ఏడేళ్లు గడిచాక చిప్ వేగం పెరగడం సహజం, అవసరం కూడా. అంతమాత్రాన దానిని ఆవిష్కరణగా లెక్కకట్టకూడదు. ఆటగాడి చేతికి కొత్త పని దొరికిందా, వేచి ఉండే సమయం తగ్గిందా, ఆడుకునే చోటు మారిందా అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

వీటికి జవాబు యంత్రంలో కన్నా ఆటల్లో స్పష్టంగా దొరుకుతుంది. 2006 నవంబరులో కొద్ది రోజుల తేడాతో ప్లేస్టేషన్ 3, నింటెండో వీ అమెరికాలో విడుదలయ్యాయి. మొదటిది సెల్ అనే శక్తిమంతమైన ప్రాసెసర్‌తో, బ్లూరే డ్రైవుతో, నిల్వ సామర్థ్యాన్ని బట్టి 499, 599 డాలర్లకు వచ్చింది. రెండవదాని ధర దాదాపు 250 డాలర్లు. దాని ప్రాసెసర్ నింటెండోవారి పాత గేమ్‌క్యూబ్‌లోని దానికి మెరుగుపరచిన రూపమే. అయితే దాని రిమోట్‌లో చేతి కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్ ఉండటం వల్ల, అంతకు ముందు కంట్రోలర్ ముట్టని పెద్దవారు సైతం టెన్నిస్ బ్యాట్ ఊపినట్టు ఊపి ఆడగలిగారు. ఆ యంత్రాలు పది కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. చౌకగా, నమ్మకంగా దొరుకుతున్న పాత సాంకేతికతకు కొత్త ప్రయోజనం వెతకాలన్నది నింటెండో రూపకర్త గున్‌పే యోకోయ్ పాటించిన సూత్రం. ఆయన బృందం 1989లో తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్‌కి రంగుల తెర కూడా లేదు, కానీ నాలుగు చిన్న బ్యాటరీలతో గంటల తరబడి నడిచేది. రంగుల తెరతో పోటీకి దిగిన సెగా గేమ్‌గేర్ ఆరు బ్యాటరీలు వేసినా అంతసేపు నిలవలేకపోయింది.

ఆ తరువాత చూడవలసినది, ఆ కొత్త సౌకర్యం ప్రతి పెట్టెలోనూ ఉందా లేదా అన్నది. చాలామంది పట్టించుకోని అంశం ఇదేనని, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదేనని నా అభిప్రాయం. శరీర కదలికలనూ మాటలనూ గ్రహించే కైనెక్ట్ కెమెరాను మైక్రోసాఫ్ట్ 2010లో విడిగా అమ్మింది. గేమ్ తయారుచేసే సంస్థ ఆలోచన ఎలా ఉంటుందో చూడండి: కొందరి ఇళ్లలోనే ఉన్న పరికరాన్ని నమ్ముకుని ఆటను రూపొందిస్తే మిగతావారు కొనలేరు, అందరికీ పనికొచ్చేలా రూపొందిస్తే ఆ పరికరానికి నామమాత్రపు పాత్రే మిగులుతుంది. దీనికి విరుగుడుగా 2013లో కైనెక్ట్‌ను ప్రతి ఎక్స్‌బాక్స్ వన్‌తోనూ కలిపి ఇచ్చారు. దాంతో ధర 499 డాలర్లకు చేరింది, పోటీలో ఉన్న ప్లేస్టేషన్ 4 మాత్రం 399కే దొరికింది. 2014లో కైనెక్ట్ లేని పెట్టెను 399 డాలర్లకు విడుదల చేయడంతో ప్రతి ఇంట్లో కైనెక్ట్ ఉంటుందని ఆటల తయారీదారులకు ఉన్న ఆ కాస్త భరోసా పోయింది. 2017లో దాని ఉత్పత్తే ఆగిపోయింది. పైగా ఆడేవారు కెమెరాకు సుమారు ఆరడుగుల దూరంలో నిలబడాలి. ఇరుకు గదుల్లో అది కుదిరే పని కాదు. మంచి ఆలోచనను ఇల్లు అనే వాస్తవం ఓడించిన సందర్భమిది, అందుకే ప్రదర్శన వేదిక మీద చూపినదాన్ని మీ ముందుగది కొలతలతో పోల్చి చూసుకోవాలి.

బయటికి కనిపించని మార్పులను పసిగట్టడానికి ఇంకొంచెం ఓపిక కావాలి. ప్లేస్టేషన్ 4లోని హార్డ్‌డిస్క్‌లో సమాచారాన్ని చదివే ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి కదలడానికి సమయం పడుతుంది. అందువల్ల వీధిదీపం, చెత్తబుట్ట వంటి మాటిమాటికీ కనిపించే వస్తువుల సమాచారాన్ని తయారీదారులు ఒకే డిస్క్ మీద అనేక చోట్ల నకళ్లుగా పెట్టేవారు. తరువాతి ప్రదేశం సిద్ధమయ్యేలోగా ఆటగాడిని లిఫ్టులోనో ఇరుకు దారిలోనో నడిపించేవారు. ప్లేస్టేషన్ 5లో హార్డ్‌డిస్క్‌కు బదులు ఉన్న, కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీ సెకనుకు 5.5 గిగాబైట్ల వేగంతో చదువుతుంది కనుక ఆ నకళ్లూ, ఆ దారులూ అవసరం లేదు. ఇది ఆట నిర్మాణాన్నే మార్చగల ఆవిష్కరణ. అయినా 2022లో వచ్చిన హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పాత ప్లేస్టేషన్ 4కి కూడా విడుదలయ్యాయి, కాబట్టి వాటి నిర్మాణం హార్డ్‌డిస్క్ వేగానికి లోబడక తప్పలేదు. ఒక ఆట కొత్త కన్సోల్ శక్తిని నిజంగా వాడుకుంటోందా అని తెలుసుకోవాలంటే, అది పాత కన్సోల్‌కూ వస్తోందో లేదో చూడండి. రెండింటికీ వస్తుంటే ఆ ఆట కోసం తొందరపడి కొత్తది కొననక్కరలేదు.

చేతితో పరీక్షించే అవకాశం దొరికితే వదులుకోవద్దు. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ వెనుక మీటల్లో చిన్న మోటార్లు ఉంటాయి. విల్లు లాగే సన్నివేశంలో మీట వేలికి ఎదురు తిరుగుతుంది. ప్రతి యంత్రంలోనూ ముందే ఉండే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే సోనీ ఆటను కాసేపు ఆడి, సెట్టింగ్స్‌లో ఆ ప్రభావాన్ని ఆపివేసి, మళ్లీ ఆడి చూడండి. తరువాత ఇదే పరీక్షను సోనీకి చెందని సంస్థ చేసిన ఆటతోనూ చేయాలి. రెండవ ఆటలో తేడా తెలియకపోతే, ఆ సౌకర్యాన్ని ఇతర తయారీదారులు ఇంకా తమదిగా చేసుకోలేదని అర్థం చేసుకోవచ్చు.

2017 నాటి నింటెండో స్విచ్ ఒకే యంత్రాన్ని టీవీకి కలిపీ, చేతిలో పట్టుకునీ ఆడనిచ్చి ఆడుకునే చోటును మార్చింది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో అయస్కాంతంతో అతుక్కునే కంట్రోలర్లు ఉన్నాయి, వాటిని మౌస్‌లా కూడా వాడవచ్చు. ఇది ఆ పాత ఆలోచనకు చక్కని మెరుగు. మౌస్ సంగతి మాత్రం దాన్ని వాడుకునే ఆటలు తగినన్ని వచ్చాకే తేల్చాలి.

చివరగా, కొత్తగా ఇచ్చినదాన్ని లెక్కించినట్టే తీసివేసినదాన్నీ లెక్కించాలి. ప్లేస్టేషన్ 5 ప్రో 700 డాలర్ల ధరకు డిస్క్ డ్రైవు లేకుండానే వచ్చింది. 2024 నవంబరులో అది విడుదలైనప్పుడు భారతదేశానికి రాలేదు, ఎందుకంటే దాని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. స్విచ్ 2 ఆటల్లో కొన్నింటి కార్డులో ఆట ఉండదు. డౌన్‌లోడ్‌కు అనుమతినిచ్చే తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆడేసిన డిస్క్‌ను అమ్మి మరొకటి కొనుక్కునే అలవాటున్నవారికి డ్రైవు లేకపోవడం నేరుగా జేబు మీద పడే భారం. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో దుకాణంలో డబ్బు చెల్లించే ముందు డిస్క్ డ్రైవు ఉందా, ఖాళీ నిల్వ ఎంత, దిగుమతి చేసిన యంత్రమైతే వారంటీ ఎవరిస్తారు అని అడిగి, వారంటీ వివరాలను బిల్లు మీద రాయించుకోండి.