శాన్ ఫ్రాన్సిస్కో జపనీస్ టీ గార్డెన్: తొందరపడకుండా చూడటం ఎలా

శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కు నడుమ ఉన్న జపనీస్ టీ గార్డెన్ సుమారు 5 ఎకరాల తోట. చిన్నదే కదా అని చాలామంది వంతెన దగ్గర ఫోటో దిగి ఇరవై నిమిషాల్లో తిరిగి వెళ్ళిపోతుంటారు. ప్రతి మలుపూ తరువాతి దృశ్యాన్ని కాస్త దాచి ఉంచేలా బాటలు వేసిన తోట ఇది కనుక, దీనికి కనీసం గంటన్నర కేటాయించండి.

తోట ఉదయం 9 గంటలకు తెరుస్తారు. సోమ, బుధ, శుక్రవారాల్లో 10 గంటల లోపు లోపలికి వెళ్ళేవారికి టికెట్ అవసరం లేదు. జనసందడి కూడా అప్పుడే తక్కువ. చెర్రీ పూల కోసం వెళ్ళదలిస్తే మార్చి, ఏప్రిల్ నెలలు అనుకూలం. జూలైలో అయినా పొగమంచు, చలిగాలి ఉండే ఊరు కాబట్టి స్వెట్టర్ మరవకండి. కారు లేనివారు ఎన్ జూడా అనే నగర రైలులో నైన్త్ ఎవెన్యూ వద్ద దిగి నడిచి రావచ్చు.

నడక మొదలుపెట్టే ముందు ప్రవేశద్వారం దగ్గరి కంచు ఫలకం ఎదుట కాసేపు నిలబడండి. 1894లో ఇక్కడ జరిగిన ప్రదర్శన కోసం నిర్మించిన జపనీస్ గ్రామాన్ని, ప్రదర్శన ముగిశాక శాశ్వతమైన తోటగా పెంచి పోషించినవారు జపాన్ నుంచి వలస వచ్చిన మకోతో హగివారా. ఆయన 1925లో మరణించిన తరువాత కూడా కుటుంబం ఇక్కడే నివసిస్తూ తోటను కాపాడింది. 1942లో, యుద్ధం పేరుతో అమెరికా పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారందరినీ నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, ఆ కుటుంబం తాము పెంచిన చెట్లనూ ఇంటినీ వదిలి వెళ్ళవలసి వచ్చింది. ఇల్లు కూల్చివేశారు, తోట పేరులోంచి జపాన్ మాటను తొలగించారు. ఆ పేరు మళ్ళీ వచ్చింది 1952లోనే. కౌమారంలో స్వయంగా అటువంటి శిబిరంలో గడిపిన శిల్పి రూత్ అసావా, ఆ కుటుంబ జ్ఞాపకార్థం 1974లో ఈ ఫలకాన్ని రూపొందించారు. ఈ సంగతి తెలిసి చూసేవారికి, ఆ ఇల్లు ఉన్న చోటే ఏర్పడిన పల్లపు తోట వట్టి అలంకారంగా కనిపించదు.

అర్ధచంద్రాకారపు వంతెన నీడ నీటిలో పడి, రెండూ కలిసి నిండు వలయంగా కనిపిస్తాయి. దాన్ని డోలు వంతెన అంటారు. ఎక్కడం దాదాపు నిచ్చెన ఎక్కినట్టే ఉంటుంది. మన ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మానాన్నలను, ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులున్నవారిని తీసుకువెళితే వారిని దాని మీదికి ఎక్కించవద్దు. చెరువు గట్టు నుంచి చూస్తేనే ఆ వలయం బాగా కనబడుతుంది. తడిసిన రాతి పలకల మీద జారకుండా ఉండే చెప్పులు వేసుకోవడం అందరికీ మంచిది.

తోటలోని కంచు బుద్ధ విగ్రహం 1790లో జపాన్‌లో పోతపోసినది. ఎండకూ వానకూ నీడ లేకుండా కూర్చున్న బుద్ధుడని అర్థం వచ్చే పేరు దానికి ఉంది. 1953లో తోటల రూపశిల్పి నగావో సకురాయ్ రూపొందించిన జెన్ (జపాన్‌లోని ఒక బౌద్ధ శాఖ) తోటలో నీరే ఉండదు: అక్కడ గులకరాళ్ళే ప్రవాహం, నిలువు రాళ్ళే కొండలు. దానిలో అడుగు పెట్టకుండా అంచున నిలబడి చూడాలి. చేపలకు పిల్లలు తినుబండారాలు వేయకుండా చూసుకోవడం పెద్దల బాధ్యత.

టీ హౌస్‌ను చివరికి ఉంచుకోండి. అమెరికాలో చైనీస్ హోటళ్ళలో ఇచ్చే ఫార్చ్యూన్ కుకీలకు మూలం ఈ తోటలో హగివారా వడ్డించిన బిస్కెట్లేనని చాలామంది చెబుతారు. ఆవిరులు చిమ్మే గ్రీన్ టీతో, వీలైతే నీటి వైపు ఉన్న బల్ల దగ్గర కూర్చుని, అప్పటిదాకా నడిచిన బాటలు ఎటు వంకరలు తిరిగాయో అక్కడి నుంచి గుర్తుపట్టడానికి ప్రయత్నించండి.